పది సెకన్లు నిలబడగలరా? పెద్దవాళ్ల నిలకడ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పెద్దాయన్ని గోడకు దగ్గరగా నిలబెడతారు. చేతికర్ర పక్కన పెట్టించి, కళ్లు తెరిచే ఉంచమంటారు. మొదట రెండు పాదాలూ పక్కపక్కన ఆనించి పది సెకన్లు. తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి, దాని మధ్యభాగం రెండో పాదం బొటనవేలికి తగిలేలా ఉంచి మరో పది సెకన్లు. మూడోసారి రెండు పాదాలూ ఒకే గీత మీదకు రావాలి. అంటే ముందు పాదం మడమ వెనక పాదం వేళ్లకు తగలాలి. నాలుగోసారి ఒంటికాలి మీద. చేతులు చాపుకోవచ్చు, ఒళ్లు కాస్త అటూ ఇటూ ఊగినా ఫరవాలేదు. పాదం కదిలినా, గోడ పట్టుకున్నా పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. పరీక్ష చేసే మనిషి పక్కనే, కాస్త వెనగ్గా, పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడాలి.

అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ, పెద్దవాళ్లు పడిపోకుండా చూసేందుకు నడిపే స్టెడీ కార్యక్రమంలో డాక్టర్లకు సూచించే నిలకడ పరీక్ష ఇదే. మూడో భంగిమలో పది సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని దాని లెక్క. గడియారం తప్ప పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు, మూడు నిమిషాల్లో అయిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు చేయొచ్చు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు చేయొచ్చు. ఇంత సులువైన పరీక్ష మన దగ్గర మామూలు చెకప్‌లో దాదాపు కనిపించదు. బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. డెబ్భై దాటిన మనిషిని లేచి నిలబడమని అడిగేవాళ్లు తక్కువ.

చేసిన చోట ఇంకో ఇబ్బంది ఉంది. దీన్ని పాసా, ఫెయిలా అన్నట్టు చూస్తారు. పాసైతే ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు, ఫెయిలైతే ఆ మనిషిని మంచం దిగనివ్వరు. రెండూ తప్పే. నిలకడ పరీక్ష ఒక్కటే పెట్టుకుని ఎవరు పడతారో చెప్పడం కష్టం. ఎక్కడ లోపం ఉందో వెతకడానికి మాత్రం అది చాలా బాగా పనికొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాల వల్ల పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. 65 దాటినవాళ్లలో దాదాపు మూడింట ఒక వంతు ఏడాదిలో ఒక్కసారైనా పడతారు. మన దేశంలో 2011 జనాభా లెక్కల నాటికే 60 దాటినవాళ్లు 10 కోట్లకు పైన ఉన్నారు. ఇంత పెద్ద విషయాన్ని ఇళ్లలో మాత్రం 'బాత్రూంలో కాలు జారింది' అని ఒక్క మాటలో ముగిస్తారు. నేల తడిగా ఉన్న మాట నిజమే కావచ్చు. అదే తడి నేల మీద రోజూ ఇంట్లో నలుగురూ నడుస్తున్నారు. ఆ ఒక్కరే ఎందుకు పడ్డారన్నది అసలు ప్రశ్న.

కదలకుండా నిలబడ్డ మనిషి నిజానికి కదలకుండా ఉండడు. అరచేతి మీద నిలువుగా కర్రను నిలబెట్టినప్పుడు చెయ్యి ఆగకుండా సర్దుకుంటూ ఉండాలి కదా, శరీరం చీలమండల మీద అలాగే నిలుస్తుంది. ఒంటి బరువు కేంద్రం తుంటి ఎముకల ఎత్తులో, చీలమండ కీలుకు కాస్త ముందుగా ఉంటుంది. ఒదిలేస్తే ముందుకు వాలుతాం. పిక్క కండరాలు క్షణక్షణం లాగి ఆపుతుంటాయి. మామూలు వయసులో ఈ ఊగడం కంటికి ఆనదు.

ఎటు వాలుతున్నామో మెదడుకు చెప్పే దారులు మూడు. కళ్లు చుట్టూ ఉన్న గోడలనీ తలుపులనీ చూసి చెబుతాయి. లోపలి చెవిలో ఉన్న సమతుల్యత అవయవం తల ఎటు వంగిందో, ఎంత వేగంగా తిరిగిందో చెబుతుంది. పాదాల చర్మం, చీలమండ, మోకాలి కీళ్ల నుంచి నరాలు నేల ఎలా ఉందో, కాలు ఏ కోణంలో ఉందో చెబుతాయి. ఒకటి దెబ్బతింటే మిగతా రెండూ ఆ పని మోస్తాయి. అందుకే లోపం ఏళ్ల తరబడి బయటపడదు. ఆ మిగిలిన రెండింట్లో ఒకటి కాసేపు పోయిన రోజున ఒక్కసారిగా తెలుస్తుంది. చీకట్లో కరెంటు పోయినప్పుడు, పరుపు మీద నిలబడి బూజు దులుపుతున్నప్పుడు, మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు.

ఈ చివరిదాని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో మోరిట్జ్ హైన్రిక్ రోంబర్గ్ అనే నరాల వైద్యుడు ఉండేవాడు. సిఫిలిస్ వెన్నుపాము దాకా పాకిన రోగులు కళ్లు తెరిచి ఉన్నంతసేపూ నిలబడగలిగి, మూసుకోగానే తూలిపోవడం ఆయన వర్ణించాడు. వెన్నుపాము వెనక భాగంలో, కాళ్ల నుంచి కబురు మోసుకెళ్లే నరాల దారి వాళ్లలో చెడిపోయేది. కళ్ల సాయంతో నెట్టుకొచ్చేవాళ్లు. ఆ సాయం కూడా పోతే నిలవలేకపోయేవాళ్లు. పాదాలు దగ్గరపెట్టి కళ్లు మూయించే ఆ పరీక్షకు నేటికీ ఆయన పేరే. కళ్లు తెరిచి ఉన్నా, మూసినా ఒకేలా తూలుతుంటే లోపం వేరేచోట, చాలాసార్లు చిన్నమెదడులో ఉంటుంది.

ఆ సిఫిలిస్ రోగులు ఇప్పుడు అరుదు. కాళ్ల కబురును అలాగే దెబ్బతీసే రెండు జబ్బులు మాత్రం తెలుగు ఇళ్లలో నిండుగా ఉన్నాయి. ఒకటి షుగర్. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్ పాదాల నరాలను మొద్దుబారుస్తుంది. రెండోది బి12 లోపం. మాంసం, గుడ్లు తిననివాళ్లలో, పాలు పెరుగు కూడా తగ్గించేసిన పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లపాటు వేసుకునేవాళ్లలో కూడా బి12 తగ్గుతుంది. శాకాహారం, షుగర్, మెట్‌ఫార్మిన్ మూడూ ఒకే మనిషిలో కలవడం మన దగ్గర వింతేమీ కాదు.

నరాల డాక్టర్లు ఇక్కడ రెండు ప్రశ్నలు అడుగుతారు. నడుస్తున్నప్పుడు హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియడం లేదా? వాష్‌బేసిన్ ముందు మొహం కడుక్కునేటప్పుడు ముందుకు తూలి బేసిన్ పట్టుకుంటున్నారా? చెప్పు జారినా తెలియలేదంటే పాదం కబురు అందడం లేదు. మొహం కడుక్కునేటప్పుడు తూలుతున్నారంటే రోంబర్గ్ పరీక్ష ఇంట్లో దానంతటదే జరిగిపోయినట్టు. తల మీద చెంబుతో నీళ్లు పోసుకునే అలవాటు ఉన్నచోట ఇది రోజూ జరుగుతుంది. ఆ సమయంలో కళ్లు మూసి ఉంటాయి, నడుము వంగి ఉంటుంది, ఒక చేతిలో బరువు ఉంటుంది, కింద నేల తడిగా ఉంటుంది. బాత్రూంలోనే ఎందుకు పడతారన్నదానికి జారుడు ఒక్కటే జవాబు కాదు. ఒక స్టూలు వేసుకుని కూర్చుని స్నానం చేస్తే ఆ ముప్పులో పెద్ద భాగం ఆ రోజుతోనే పోతుంది. బి12 లోపమైతే ఇంజెక్షన్లతో, మాత్రలతో సరిచేయొచ్చు. ఆలస్యమైతే నరాలు పూర్తిగా తేరుకోకపోవచ్చు కాబట్టి త్వరగా కనిపెట్టడం ముఖ్యం.

పెద్ద ఆస్పత్రుల్లో, పరిశోధన కేంద్రాల్లో ఊగడాన్ని కొలిచే పలకలు ఉంటాయి. మనిషి దాని మీద నిలబడితే పాదాల కింద ఒత్తిడి కేంద్రం ఎటు ఎంత తిరిగిందో కంప్యూటర్ గీతలా గీసి చూపిస్తుంది. 1994లో కెనడా పరిశోధకులు, తమ పనులు తాము చేసుకునే వృద్ధులను ఇలా కొలిచి, తర్వాత ఎవరు పడ్డారో ఏడాదిపాటు గమనించారు. ముందుకూ వెనక్కూ ఊగడం కంటే పక్కలకు ఊగడమే పడిపోవడాన్ని బాగా సూచించింది. పాదాలను ఒకే గీత మీద పెట్టించడం వెనక ఉన్న కారణం కూడా ఇదే. అలా పెడితే పక్కలకు ఆధారం సన్నబడిపోతుంది, ఆ దిశలో ఉన్న బలహీనత బయటికొస్తుంది. పక్కకు పడ్డవాళ్లే నేరుగా తుంటి మీద పడతారు, తుంటి ఎముక విరగడం ఎక్కువగా అప్పుడే జరుగుతుంది. కాబట్టి మూడో భంగిమకు అంత ప్రాధాన్యం ఇవ్వడంలో అర్థం ఉంది.

తక్కువ ఊగితే మంచిదనుకోవడం కూడా సరికాదు. పార్కిన్సన్ జబ్బు ఉన్న కొందరు బిగుసుకుపోయి దాదాపు ఊగకుండానే నిలబడతారు. చిన్న తోపు తగిలితే మాత్రం అడుగు వేసుకుని ఆపుకోలేరు. ఒకసారి పడి భయపడ్డవాళ్లు కూడా ఒళ్లు బిగబట్టి నిలబడతారు. అందుకే సెకన్లు లెక్కపెట్టేటప్పుడు మనిషిని కూడా చూడాలి. పిడికిళ్లు బిగిశాయా, ఊపిరి ఆపారా, కాలివేళ్లు నేలను గట్టిగా పట్టుకున్నాయా అన్నది కాగితం మీద పడే అంకె చెప్పదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకొద్దాం. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్ష ఒకటుంది. నిలబడటం, నడవడం, తిరగడం అన్నీ ఉన్నాయి కాబట్టి ఉత్త నిలకడ పరీక్ష కంటే అది మెరుగ్గా చెప్పాలి. 13.5 సెకన్లు దాటితే ముప్పు అని చాలాకాలం వాడారు. 2014లో అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, తర్వాత పడినవాళ్లలో ఆ హద్దు పట్టుకోగలిగింది 31 శాతం మందినే. పడనివాళ్లలో 74 శాతం మందిని సరిగ్గా వదిలేసింది.

ఈ శాతాలను మనుషుల్లోకి మార్చి చూద్దాం. ఊళ్లో వంద మంది పెద్దవాళ్లున్నారు, ఏడాదిలో 30 మంది పడబోతున్నారు అనుకుందాం. ఆ ముప్పైలో పరీక్ష పట్టేది తొమ్మిది మందిని. 21 మందికి 'మీకేం భయం లేదు' అని చెప్పి పంపుతుంది. పడబోని 70 మందిలో సుమారు 18 మందికి ఊరికే టెన్షన్ పెడుతుంది. మొత్తం 27 మందికి ముప్పు అని రాస్తే, అందులో నిజంగా పడేది తొమ్మిది మంది, మూడింట ఒక వంతు. ఏ పరీక్షా చేయకుండా చీటీలు తీసినా దాదాపు అదే వంతు వస్తుంది. ఈ లెక్క చూశాక కూడా ఒక్క అంకెను నమ్ముకుని పెద్దవాళ్లకు ధైర్యం చెప్పడం న్యాయం కాదు.

14 పనులు చేయించి 56 మార్కులకు వేసే బెర్గ్ అనే నిలకడ కొలమానానిదీ ఇదే సమస్య. 45 కంటే తక్కువైతే పడతారని వాడుకలోకి వచ్చింది కానీ, ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లను విడదీయడంలో అది బలహీనమని తర్వాతి పరిశీలనలు చూపించాయి. మార్కులు తగ్గేకొద్దీ ముప్పు మెల్లగా పెరుగుతుంది తప్ప, 45 దగ్గర గోడేమీ లేదు.

ఎందుకిలా? కెనడాలోనే ఇంకో పరిశోధన దీనికి సగం జవాబిచ్చింది. వృద్ధాశ్రమాల ఉమ్మడి గదుల్లో కెమెరాలు పెట్టి, 130 మంది పడిన 227 సందర్భాలను దృశ్యాల్లో చూసి విశ్లేషించారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో కాలు తట్టుకోవడం 21 శాతమే. 41 శాతం సందర్భాల్లో కారణం ఒంటి బరువును తప్పుగా మార్చుకోవడం. పక్కకు తిరగబోయి, దేన్నో అందుకోబోయి, కూర్చోబోయి బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చే క్షణంలో అదుపు తప్పారు. గోడ మీద ఒక గుర్తును చూస్తూ బొమ్మలా నిలబడే పరీక్షలో ఆ క్షణమే రాదు. పైగా నిజజీవితంలో మనిషి నిలబడి ఊరుకోడు. ఫోన్ మోగుతుంది, మనవడు పిలుస్తాడు, పాలు పొంగుతాయి. నడుస్తూ మాట్లాడాల్సి వస్తే ఆగిపోయేవాళ్లు ఎక్కువగా పడతారని స్వీడన్ పరిశోధకులు 1997లోనే గమనించారు. నిలబెట్టి వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమంటే, అప్పటిదాకా స్థిరంగా ఉన్న మనిషి తూలడం చూడొచ్చు.

మిగతా సగం జవాబు బీపీలో, మందుల డబ్బాలో, కళ్లలో ఉంది. పడుకుని లేచినప్పుడు మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు గానీ కింది బీపీ 10 పాయింట్లు గానీ పడిపోతే కళ్లు తిరుగుతాయి. ఉదయం పదకొండింటికి, టిఫిన్ తిని స్థిమితంగా ఉన్నప్పుడు చేసిన నిలకడ పరీక్షలో ఇది దొరకదు. తెల్లవారుజామున నాలుగింటికి మూత్రానికి లేచినప్పుడు దొరుకుతుంది. నిద్రమాత్రల సంగతి ఇంకా గట్టిగా చెప్పుకోవాలి. న్యూజిలాండ్‌లో 1999లో వచ్చిన ఒక ప్రయోగంలో నిద్రమాత్రలు, అలాంటి మనసు మీద పనిచేసే మందులను పెద్దవాళ్లకు మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తే పడిపోవడం 66 శాతం తగ్గింది. ప్రయోగం అయిపోయిన నెలకే దాదాపు సగం మంది మళ్లీ మొదలుపెట్టారు, అది వేరే సమస్య. నిద్రకూ ఆందోళనకూ ఎవరో ఎప్పుడో రాసిన ఆల్ప్రజోలాం చీటీ మీద ఏళ్ల తరబడి మందు తెప్పించుకునే ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. దీన్ని ఉన్నపళంగా మానేయడం ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

కంటి శుక్లాలూ అంతే. బ్రిటన్‌లో వృద్ధ మహిళల మీద చేసిన ప్రయోగంలో మొదటి కంటికి శుక్లం ఆపరేషన్ త్వరగా చేయించినవాళ్లు మూడో వంతు తక్కువసార్లు పడ్డారు.

అందుకే మంచి పద్ధతిలో మొదట అడిగేవి మాటలు, ఆ తర్వాతే పరీక్షలు. గత ఏడాదిలో పడ్డారా? నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నట్టు ఉంటుందా? పడతానేమోనని భయంగా ఉందా? ఇంతకుముందు పడ్డారన్న ఒక్క విషయం చాలా పరీక్షల కంటే ఎక్కువ చెబుతుంది. ఈ ప్రశ్న మన దగ్గర మెలకువగా అడగాలి. 'పడ్డారా' అంటే చాలామంది పెద్దవాళ్లు లేదనే అంటారు. పిల్లలకు తెలిస్తే ఒంటరిగా బయటికి పంపరని, ఊరొదిలి కొడుకు దగ్గరకు రమ్మంటారని దాచుకుంటారు. 'గడప తట్టుకుందా', 'మంచం పట్టుకుని ఆపుకున్నారా', 'ఒంటి మీద ఎక్కడైనా కమిలిందా' అని అడిగితే బయటికొస్తుంది.

ఒంటికాలి పరీక్ష గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. 2022లో బ్రెజిల్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. పది సెకన్లు ఒంటికాలి మీద నిలవలేనివాళ్లు త్వరగా చనిపోతారంటూ అది వాట్సాప్‌లో తెగ తిరిగింది. 51 నుంచి 75 ఏళ్ల మధ్య 1,702 మందిని చూశారు. సుమారు ఏడేళ్లలో నిలవలేనివాళ్లలో 17.5 శాతం, నిలిచినవాళ్లలో 4.6 శాతం మరణించారు. వయసు, బరువు, జబ్బుల తేడా తీసేసి లెక్కగడితే ముప్పు 84 శాతం ఎక్కువ. లెక్క నిజమే. కానీ ఆ అధ్యయనం చూసింది మరణాన్ని, పడిపోవడాన్ని కాదు. 51 నుంచి 55 ఏళ్లవాళ్లలో 5 శాతమే విఫలమైతే, 71 నుంచి 75 ఏళ్లవాళ్లలో 54 శాతం విఫలమయ్యారు. విఫలమైనవాళ్లలో షుగర్ దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అంటే ఒంటికాలు ఇక్కడ ఒంట్లో ఉన్న మిగతా జబ్బులకు కిటికీ లాంటిదే తప్ప జాతకం కాదు. డెబ్భై మూడేళ్ల మనిషి ఆరు సెకన్లకే కాలు దించితే, ఆ వయసులో సగం మంది అంతేనని చెప్పి ఊరడించాలి. పాదాల స్పర్శ పరీక్షించడం మాత్రం మానకూడదు.

ఈ కొలతలన్నీ ఎక్కువగా కుర్చీ మీద కూర్చునే దేశాల్లో తయారయ్యాయి. నేల మీద పీట వేసుకుని తినేవాళ్లు, గొంతుక్కూర్చుని పనిచేసినవాళ్లు, ఇంట్లో వట్టికాళ్లతో తిరిగేవాళ్లు వీటి లెక్కలో పెద్దగా లేరు. పల్లెలో డెబ్భై ఏళ్ల ఆవిడ చేతి ఊతం లేకుండా నేల మీంచి లేస్తుందంటే ఆవిడ కాళ్ల బలం గురించి అది ఏ కుర్చీ పరీక్ష కంటే ఎక్కువే చెబుతుంది. ఆమెకు చీకట్లో గడప దాటడం, చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడటం, కాల్వగట్టున బిందెతో తిరగడం అసలు పరీక్షలు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఆవిడ వయసువాళ్లకు నున్నటి టైల్స్, ఎత్తు తక్కువ సోఫా. ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి చూసే అరగంట, క్లినిక్‌లో తీసే మార్కుల కంటే విలువైనదని గట్టిగా చెప్పొచ్చు.

లోపం కనిపెట్టాక చేసేది చాలా ఉంది, అది పనిచేస్తుందన్న రుజువు కూడా గట్టిగా ఉంది. 2019లో కొక్రేన్ (వైద్య ప్రయోగాలను ఒకచోట చేర్చి తూచే సంస్థ) సమీక్ష వందకు పైగా ప్రయోగాలను కలిపి చూసి, వ్యాయామం పడిపోయే రేటును 23 శాతం తగ్గిస్తుందని తేల్చింది. ఉత్త నడక ఈ ఫలితం ఇస్తుందనడానికి రుజువు లేదు. నిలకడను సవాలు చేసే కసరత్తు కావాలి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం తయారుచేసిన పద్ధతిలో వారానికి మూడుసార్లు అరగంట కాళ్ల బలం, నిలకడ కసరత్తులు, వీలైన రోజుల్లో నడక. ఇంట్లోనే చేసుకునేవి. ఆ కార్యక్రమం ప్రయోగాలను కలిపి చూసినప్పుడు పడటం 35 శాతం తగ్గింది.

పరీక్షలో ఎక్కడ ఆగిపోయారో కసరత్తు అక్కడే మొదలవుతుంది. రెండో భంగిమ వచ్చి మూడోది రానివాళ్లు వంటింటి గట్టు ముందు నిలబడి, రెండు చేతులూ దాని మీద ఆనించి, పాదాలను ఒకే గీత మీదకు తెస్తారు. గట్టు ఎదురుగా ఉండాలి, వెనక కుర్చీ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. నాలుగైదు రోజులకు ఒక చెయ్యి తీస్తారు. తర్వాత రెండు వేళ్లు మాత్రం ఆనిస్తారు, అదీ స్థిరపడ్డాక చేతులు గట్టుకు అంగుళం పైన ఉంచుతారు. పది సెకన్లు మూడుసార్లు వరసగా నిలిస్తే తల మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పుతూ అదే చేయాలి. కళ్లు మూసి చేయడం పాదాల స్పర్శ బాగున్నవాళ్లకే, అదీ ఫిజియోథెరపిస్టు ఎదురుగా ఉన్నప్పుడే. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం నేర్పాలి. తొడ కండరం బలపడకుండా మూడో భంగిమ కోసం పట్టుబడితే నొప్పి తప్ప ఏమీ మిగలదు. మూడు నెలలకోసారి అదే నాలుగు భంగిమలు, అదే గడియారంతో మళ్లీ చూసి, పాత కాగితం పక్కన కొత్త సెకన్లు రాసుకోవాలి. ఒక మనిషి సెకన్లను పక్కింటివాళ్లతో పోల్చడం కంటే, మూడు నెలల కిందటి తన సెకన్లతో పోల్చుకున్నప్పుడే ఈ పరీక్ష ఎక్కువ నిజం చెబుతుంది. ఆరు సెకన్లు తొమ్మిదైతే కసరత్తు పనిచేస్తోంది. తొమ్మిది ఉన్నట్టుండి నాలుగైతే కొత్త మందు ఏమైనా మొదలైందా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉందా, బీపీ పడిపోతోందా అని ఆ వారంలోనే డాక్టరు దగ్గర చూపించుకోవాలి.